చూరు కింద పని

స్క్రూడ్రైవర్లు రెండింటిని చంకలో ఇరికించుకుని, పానాల సంచిని వేడిగాలి వచ్చే సందు ముందు పెట్టి, ఇసోబే వ్యాను నడుపుతున్నాడు. చల్లబడ్డ ఇనుము చేతికి అంటుకుని తోలు లాగుతుంది. అందుకని చలికాలమంతా పనిముట్లని ఇలా ఒంటికి ఆనించుకునే తిరుగుతాడు. ఊరి మొదట్లో పలక మైనస్ ఇరవై రెండు చూపిస్తోంది. నది మీంచి లేచిన ఆవిరి చెట్ల కొమ్మలకి గడ్డకట్టి, ఎండ తగిలిన చోటల్లా మెరుస్తోంది. అతను అటు చూడలేదు. స్టీరింగు మీదున్న తన కుడిచేతి వేళ్ళు చూసుకుంటున్నాడు. చూపుడువేలూ, మధ్యవేలూ మొదటి కణుపు దాకా మైనంలా తెల్లబడ్డాయి. గిల్లితే తెలియదు.

ఇసోబేకి అరవై దాటాయి. బొగ్గు గనులు మూతపడిన ఊళ్ళో పుట్టి, పని వెతుక్కుంటూ జపాను ఉత్తరాన ఉన్న నయోరో వచ్చి, నిషికియోరి వారి కొట్లో కిరసనాయిలు స్టవ్వులు బాగుచేసే మనిషిగా చేరాడు. ఈమధ్య వేసవులు ఉత్తరాన కూడా మండిపోతుంటే జనం ఏసీలు కొనడం మొదలుపెట్టారు. అతను కూడా కళ్ళజోడు పెట్టుకుని, కొత్త పని నేర్చుకున్నాడు. భార్య ఫుసాయె భోజనం డబ్బాల ఫ్యాక్టరీలో రాత్రి పనికి వెళుతుంది. ఆవిడ వచ్చేవేళకి అతను బయల్దేరాలి. మధ్యలో కాసేపు ఎదురెదురుగా కూర్చుని మిసో పులుసు తాగుతారు. వేళ్ళ సంగతి ఆవిడకి చెప్పలేదు. తెలిస్తే కొట్లో ఫోను దగ్గర కూర్చోమంటారు. ఫోనులో మాట్లాడటం తనకి చేతకాదని అతనికి గట్టి నమ్మకం.

ఆ కొట్టు నుంచే ఫోను వచ్చింది. కొట్టు యజమానురాలు.

"ఇసోబే గారూ, ముందు కురోయివా వాళ్ళింటికి వెళ్ళండి. రాత్రి నుంచి ఏసీలో చల్లగాలి వస్తోందట. కూతురు ఫోన్ చేసింది. గొంతు వింటే పోట్లాటకి సిద్ధంగా ఉన్నట్టుంది."

"వాళ్ళింట్లో స్టవ్వుండాలి కదండీ. నేనే బిగించాను."

"అది శరదృతువులోనే తీసేశాం. ముసలాయనకి ఆక్సిజన్ పెట్టారు. ఇంట్లో మంట అనేది ఉండకూడదు. అప్పుడెప్పుడో ఎండలకని కొన్న ఏసీ ఉంది కదా, దాన్నే వేడిగాలికి తిప్పి గది వెచ్చబెడుతున్నారు. చూసి, కొత్తది పెట్టించుకోమనండి. ఈ చలిలో అతుకుల పనులు పెట్టుకోకండి."

"నాకు తోడు తొగాషి వచ్చాడా?"

"జ్వరం తగ్గలేదు. మీరొక్కరే. చూరు కిందకి మాత్రం ఒంటరిగా వెళ్ళకండి."

ఆ మాట ఆవిడ ఎప్పుడూ అంటుంది. పంపించేది మాత్రం ఒంటరిగానే.

కురోయివా వాళ్ళది పాత చెక్క ఇల్లు, రేకుల కప్పు. ఇసోబే వ్యాను దిగగానే ముందు కప్పు వంక చూశాడు. ఈ చలికాలం ఆ కప్పు మీద మంచు ఎవరూ తోడినట్టు లేదు. నడుమెత్తు పేరుకుపోయి, ఉత్తరం వైపు చూరు దాటి, కెరటంలా వంగి గాలిలో నిలబడి ఉంది. ఆ కెరటం కిందే, గోడకి తలకంటే ఎత్తులో, ఏసీ బయటి పెట్టె. చాలా ఏళ్ళ క్రితం అయిజావా అనే పెద్దాయన, ఇసోబేకి పని నేర్పినవాడు, ఇలాంటి చూరు కిందే పోయాడు. స్టవ్వు గొట్టం బిగిస్తూ, "ఆ చిన్న పానా పట్టుకురా" అన్నాడు. ఇసోబే వ్యాను దాకా వెళ్ళి వచ్చేసరికి మనిషి లేడు. తెల్లటి గుట్ట ఉంది. ఆ తరవాత ఇసోబే ఏ చూరు వైపూ వీపు పెట్టి నిలబడలేదు.

తలుపు తీసింది ముసలావిడ కియో. నాలుగడుగుల మనిషి మూడు స్వెట్టర్లు వేసుకుని గుండ్రంగా తయారైంది. ఇంట్లోనే ఉన్ని టోపీ పెట్టుకుంది.

"స్టవ్వులాయనా! నువ్వా! నీ స్టవ్వు పీకేసినందుకు ఏసీకి శాపం పెట్టావేమిటయ్యా?"

"నేనెందుకు పెడతానండీ."

"రా, రా. బూట్లు విప్పకపోయినా ఏం అనను, చాపలు మంచుగడ్డల్లా ఉన్నాయి."

అతను విప్పాడు. మేజోళ్ళలోంచి చలి అరికాళ్ళకి ఎక్కింది. లోపలి గదిలో కిటికీ పక్కన మంచం. మంచం మీద పొడవాటి మనిషి, ఎముకలు మాత్రం మిగిలినట్టు, ముక్కులో సన్నటి గొట్టంతో పడుకుని ఉన్నాడు. తేయిజో. ఊరి మంచుబండి నడిపినవాడు. ఊరింకా లేవకముందే రోడ్లన్నిటి మీదా మంచు పక్కకి తోసేసేవాడు. ఇసోబే కొన్ని వందల ఉదయాలు ఆ బండి వెనకే పనికి వెళ్ళి ఉంటాడు. నడిపే మనిషి ముఖం మాత్రం ఎప్పుడూ చూడలేదు. మంచం పక్కన ఆక్సిజన్ యంత్రం గుక్కపట్టి వదులుతున్నట్టు శబ్దం చేస్తోంది. గోడ మీద ఉష్ణమాపకం పదకొండు దగ్గర ఉంది.

మంచం కాళ్ళ దగ్గర కోటుతోనే కూర్చున్న కూతురు లేచింది. మినెకో. అసాహికావాలో బీమా ఆఫీసులో పని చేస్తుంది. యాభై ఉంటాయి.

"తెల్లారుజామున పదమూడు ఉంది. గంట గంటకీ పడిపోతోంది," అంది. "కరెంటు హీటరు పెడితే ఫ్యూజు పోతోంది. ఫ్యూజు పోతే ఆక్సిజన్ ఆగి యంత్రం కేకలు పెడుతోంది. రెండుసార్లు అయింది. మూడోసారి నా వల్ల కాదు."

"కరెంటు వాళ్ళకి..."

"రేపొస్తారట. చూడండి, నేను సూటిగా చెబుతున్నాను. చీకటి పడేలోగా ఈ గది వెచ్చబడకపోతే అంబులెన్సు పిలుస్తాను."

"పిలవవు," అంది కియో. "మీ నాన్న ఇక్కణ్ణుంచి కదలనన్నాడు. డాక్టరు ఎదురుగానే అన్నాడు, నువ్వు విన్నావు."

"జబ్బుతో పోతానన్నాడమ్మా, చలికి బిగుసుకుపోతానన్లేదు!"

"మెల్లిగా. చెవులు బాగానే పని చేస్తున్నాయి ఆయనవి."

తేయిజో కళ్ళు మూసుకునే ఉన్నాడు. దుప్పట్ల గుట్ట కింద ఛాతీ పైకి లేచిందో లేదో తెలియడం లేదు.

ఇసోబే బయటికెళ్ళి, తల పైకెత్తి కెరటాన్ని చూస్తూనే నిచ్చెన వేసి మూత విప్పాడు. చూడగానే అర్థమైంది. వెచ్చటి ఊళ్ళ కోసం చేసిన రకం. చలికాలంలో పెట్టె నుంచి కారే నీళ్ళు అడుగునే గడ్డకట్టాయి. అలాంటి చోట గడ్డ కరిగించడానికి ఉండాల్సిన తీగ ఇందులో లేదు. గడ్డ పెరిగి పెరిగి ఫ్యానుని అందుకుంది. రెక్కలు మూడూ విరిగాయి. తిరగలేక తిరగలేక మోటారు కాలిపోయింది. మిగతాది బాగానే ఉంది.

లోపలికొచ్చి చెప్పాడు. ఫ్యాను, మోటారు మార్చాలి. గడ్డ కరిగించి అడుగున తీగ వెయ్యాలి. అంతా కలిపి ఎనభై అయిదు వేల యెన్‌లు అవుతుంది. సామాను సప్పొరో నుంచి రావడానికి నాలుగైదు రోజులు.

మినెకో ఫోను అతని ముఖానికి దగ్గరగా పెట్టింది. "ఇక్కడ ఇరవై అయిదు వేలని రాసుంది. ఫ్యాను మార్చడానికి. మీరు మూడింతలు చెబుతున్నారు."

"అది తోక్యో ధరండీ."

"ఫ్యానుకి తోక్యో ఏమిటి, నయోరో ఏమిటి?"

ఇసోబే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఫ్యాను ఖరీదు ఇక్కడైనా అంతే. మిగతాదంతా చలి ఖరీదు. అక్కడ పెట్టె వరండాలో నేల మీద ఉంటుంది. మనిషి ముక్కాలిపీట మీద కూర్చుని గంటలో విప్పేస్తాడు. ఇక్కడ మంచులో మునగకుండా ఎత్తున కడతాం. నిచ్చెన కావాలి, నిచ్చెన పట్టుకోవడానికి ఒకడు కావాలి. ముందు మంచు తవ్వాలి, తరవాత గడ్డ కరిగించాలి. ఈ చలిలో ప్లాస్టిక్కు బిస్కెట్టులా విరుగుతుంది, ఒకటి మార్చబోతే ఇంకొకటి పోతుంది. అవన్నీ ముందే కలుపుకుని చెబుతాం."

"అయితే ఈ రకం మా ఇంటికి ఎందుకు పెట్టారు? తీగ లేనిది?"

కియో కూతురి కోటు చెయ్యి పట్టుకుని లాగింది. ఇసోబే చాప వంక చూశాడు. కొత్తది అమ్మి రమ్మంది యజమానురాలు. ఇంకేమీ మాట్లాడకుండా వెళ్ళిపోవచ్చు.

"ఎండాకాలానికని అడిగితే ఎండాకాలానిదే ఇచ్చారు," అన్నాడు. "స్టవ్వు తీసిన రోజున మావాళ్ళు చెప్పాల్సింది, చలికాలం ఇది నిలవదని. చెప్పలేదు. అది మా తప్పే."

గొడవ పడటానికి పట్టు దొరక్క మినెకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అయిదు రోజులు నాన్నకి లేవండీ," అంది చివరికి, గుసగుసగా.

వ్యానులో కూర్చుని ఇసోబే కొట్టుకి ఫోన్ చేశాడు.

"కొట్టు వెనక, పాత సామాను గుట్టలో, పోయిన ఏడాది పీకేసిన పెట్టె ఒకటుంది. ఇదే రకం. దాని ఫ్యానూ మోటారూ తెచ్చి వేస్తాను."

"వద్దు. పాత సామాను వేస్తే గ్యారంటీ ఇవ్వలేం. పైగా ఒక్కరూ ఎలా వేస్తారు? రేపు ఆగిపోయి, ఆ పెద్దాయనకి ఏమైనా అయితే ఎవరి మెడకి చుట్టుకుంటుంది?"

"నా మెడకి."

ఇన్నేళ్ళలో అతను ఆవిడకి ఎదురు చెప్పడం అదే మొదలు. "చూరు ఎలా ఉంది?" అని అడిగింది యజమానురాలు.

"బాగానే ఉంది," అన్నాడు ఇసోబే.

కొట్టు వెనక గుట్ట కూడా మంచులోనే ఉంది. తవ్వి పెట్టె బయటికి తీసి, ఫ్యాను ఊడదీసి, గ్యారేజీలో కరెంటు పెట్టి చూస్తే మోటారు తిరిగింది. వేడినీళ్ళు పెద్ద డబ్బాల్లో పోసి, దుప్పట్లు చుట్టి వ్యానులో ఎక్కించాడు. తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గదిలో తొమ్మిది డిగ్రీలు. తేయిజో పెదవులు నీలంగా ఉన్నాయి. కియో ఆయన పాదాల్ని తన స్వెట్టర్ల లోపల పెట్టుకుని, గోడకి ఆనుకుని కూర్చుంది.

ముందు కెరటాన్ని దించుదామని దూరం నుంచి పొడుగు కర్రతో పొడిచాడు. అంచు కొంత రాలింది. మిగతాది కదల్లేదు. ఎండ రేకుల మీద పడుతోంది. కప్పు మీద మంచు తోడే మనుషుల్ని పిలిస్తే రేపొస్తారు. ఇసోబే నిచ్చెన వేసి, ముఖం చూరు వైపే ఉండేలా పక్కకి తిరిగి ఎక్కాడు. వేడినీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తుంటే గడ్డ పలకలుగా ఊడింది. ఆవిరి కళ్ళజోడు మీద గడ్డకడుతోంది. తుడుచుకుంటూ, పైకి చూస్తూ, పోస్తూ, మళ్ళీ పైకి చూస్తూ పని చేశాడు. విరిగిన ఫ్యాను వచ్చేసింది. కొట్టు నుంచి తెచ్చిన మోటారు పెట్టడానికి రెండు చేతులూ లోపల పెట్టాల్సి వచ్చింది. తల కూడా లోపల పెడితే తప్ప రంధ్రాలు కనపడవు. పెట్టాడు. ఆ కాసేపు పైకి చూడలేదు.

గదిలో తేయిజో కళ్ళు తెరిచాడు. కియో తరవాత చెప్పింది. కళ్ళు తెరిచి, కప్పు వంక చూస్తూ, చెవి ఒగ్గి వింటున్నట్టు ఉన్నాడట. ఆమెకేమీ వినపడలేదు. ఆయన చెయ్యి దుప్పటి మీదికి వచ్చి, రెండు వేళ్ళతో పక్కకి తోస్తున్నట్టు ఆడింది. "జరగమను," అన్నాడు. "ఎవర్నండీ?" అంటే, "వాణ్ణి. జరగమను."

మంచుబండి మనిషితో కాపురం చేసిన ఆడది కాబట్టి, ఇంకో ప్రశ్న వెయ్యలేదు. చేతికందిన గిన్నెతో కిటికీ అద్దాన్ని దబదబా బాదింది.

ఇసోబేకి ముందు అద్దం చప్పుడు వినిపించింది. తల బయటికి తీశాడు. అద్దం వెనక ముసలావిడ నోరు పెద్దగా తెరిచి, చేతులు రెండూ పక్కకి విసురుతోంది. అప్పుడు పైన రేకులు మూలిగాయి. అతను పైకి చూడలేదు. నిచ్చెన మీంచి పక్కకి, మూల వైపు దూకేశాడు.

నేల కంపించింది. తెల్లటి పొడి లేచి వెలుతురంతా మూసేసింది. అది అణిగాక చూస్తే నిచ్చెన లేదు. అతను నిలబడిన చోట ఛాతీ ఎత్తున మంచుదిమ్మెలు, సిమెంటు పలకల్లా ఒకదాని మీద ఒకటి. గోడ మీద పెట్టె మాత్రం అలాగే ఉంది.

మినెకో ఇంటి చెప్పులతోనే పరుగెత్తుకొచ్చింది. "ఇసోబే గారూ! ఇసోబే గారూ!" అని అరుస్తూ ఉత్త చేతులతో గుట్టని తవ్వబోయింది.

"ఇక్కడున్నానండీ," అన్నాడు ఇసోబే మూల నుంచి. మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అయిజావా ముఖం కళ్ళ ముందు కదిలింది. ఎన్నో ఏళ్ళుగా గుర్తు తెచ్చుకోవాలన్నా రాని ముఖం.

ఆమె అతని దగ్గరికి వచ్చి నిలబడింది. ఏం చెయ్యాలో తెలియక అతని భుజాల మీది మంచు దులిపింది. "చాలు. వదిలెయ్యండి. అంబులెన్సుకి ఫోన్ చేస్తాను."

"ఇంక పైన పడటానికేం లేదు," అన్నాడు ఇసోబే. "అంతా పడిపోయింది. నాలుగు స్క్రూలు బిగిస్తే అయిపోతుంది."

ఆమె అతని వంకా కప్పు వంకా చూసింది. నల్లటి రేకులు ఎండలో తడిగా ఉన్నాయి. లోపలికి వెళ్ళి బూట్లు తొడుక్కుని వచ్చింది. "పట్టుకోవడానికి ఒక మనిషి కావాలన్నారుగా."

ఇద్దరూ కలిసి నిచ్చెన తవ్వి తీశారు. ఒక మెట్టు విరిగింది. ఆమె కింద భుజం ఆనించి పట్టుకుంటే అతను ఎక్కాడు. మోటారు కూర్చుంది. మొదటి స్క్రూ వేళ్ళ మధ్యకి తీసుకున్నాడు. తీసుకున్నాననుకున్నాడు. అది మంచులో పడి మాయమైంది. రెండోదీ అంతే. జేబులో మూడోది తడుముతుంటే వేళ్ళకి స్క్రూకీ గుడ్డకీ తేడా తెలియలేదు. వేళ్ళని నోట్లో పెట్టుకున్నాడు. కొరికాడు. ఏమీ లేదు.

"ఏమైంది?" అంది మినెకో కింద నుంచి.

ఆ జవాబు అతను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, ఫుసాయెకి కూడా. "నా వేళ్ళకి తెలియడం లేదండీ. చలికాలం నాకింతే. మీరెక్కి ఈ స్క్రూలు మొదలు పెట్టగలరా? బిగించడం నేను చూసుకుంటాను."

ఆమె ఎక్కింది. చేతి తొడుగులు పళ్ళతో లాగి పారేసి, అతను చెప్పిన చోటల్లా స్క్రూలు నిలబెట్టింది. ఇనుము తగిలినప్పుడల్లా కెవ్వుమంది. చివరిదానికి చూపుడువేలి తోలు కొంచెం అక్కడే ఉండిపోయింది. దిగి వచ్చి వేలు నోట్లో పెట్టుకుని, "నెట్‌లో ఇదెక్కడా రాయలేదు," అంది. నవ్వో ఏడుపో తెలియని శబ్దం ఒకటి ఆమె గొంతులోంచి వచ్చింది.

స్విచ్చి వేశాక చాలాసేపు ఏమీ కాలేదు. ఇద్దరూ తలలెత్తి నిలబడ్డారు. తరవాత ఫ్యాను ఒకసారి కుదుపు ఇచ్చి, మెల్లిగా తిరగడం మొదలెట్టింది.

లోపల గాలి ముందు చల్లగా, తరవాత చల్లగా కాకుండా, ఆ తరవాత వెచ్చగా వచ్చింది. పన్నెండు. పదిహేను. కియో ఒక స్వెట్టరు విప్పింది. ఇసోబే మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు చాపకి తాకేలా వంగాడు. లేచేసరికి తేయిజో అతన్నే చూస్తున్నాడు. ఆ చూపులో గొప్పేమీ లేదు. రోడ్డు పక్కకి తప్పుకున్న బండిని చూసి తల ఆడించే డ్రైవరులా రెప్పలు ఒకసారి వాల్చి ఎత్తాడు, అంతే.

"చూశావా, స్టవ్వులాయనా," అంది కియో. "నాతో నాలుగు రోజులుగా ఒక్క ముక్క మాట్లాడలేదు. నీకోసం రెండుసార్లు నోరు విప్పాడు. నాకు కుళ్ళుగా ఉందయ్యా."

పంతొమ్మిది దాటాక ఆయన పెదవుల నీలం కాస్త తగ్గింది. పాదాలు వెచ్చబడ్డాయని కియో చెప్పింది. మినెకో కోటు విప్పి, వేలికి పట్టీ వేసుకుని, తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చుంది. అంబులెన్సు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇసోబే బయటికొచ్చి, పడిన మంచు దారికి అడ్డంగా ఉందని పార పట్టాడు. సాయంత్రం నర్సు కారు రావాలి. ఎండ కొండల వెనక్కి పోయింది. మంచు నీలంగా మారింది. దారి సగం అయిందో లేదో నర్సు వచ్చింది, ఆ వెనకే డాక్టరు. ఇద్దరూ అతన్ని దాటుకుని, తొందరేమీ లేకుండా లోపలికి వెళ్ళారు. ఆ తొందర లేకపోవడం చూసి ఇసోబే పార ఆపాడు. ఏడుపు వినపడలేదు. కాసేపటికి గోడ లోపలి నుంచి వచ్చే ఆక్సిజన్ యంత్రం గుక్కలు ఆగిపోయాయి. అతను టోపీ తీసి పట్టుకున్నాడు.

కియో తలుపు దాకా వచ్చింది. ముఖం తుడుచుకుని ఉంది. టోపీ ఇంకా తల మీదే ఉంది.

"నిద్రలోనే," అంది. "మినెకో చేతిలో చెయ్యి అలాగే ఉంది. మేము మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఎప్పుడో తెలీలేదు. వేడి పులుసు తాగినవాడిలా బుగ్గలు ఎర్రగా ఉన్నాయయ్యా."

ఇసోబే ఏదో అనాలనుకున్నాడు. వంగి నమస్కరించాడు.

"ఒకసారి లోపలికి రా. గది చల్లగా ఉంచాలట ఇప్పుడు. రేపు బంధువులు వచ్చేదాకా." ఆవిడ టోపీ చెవుల మీదికి లాక్కుంది. "ఆ ఏసీని ఆపడం మాకెవరికీ చేతకావడం లేదు. ఆకులు రాలినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆపలేదు మరి."

అతను బూట్లు విప్పి వెళ్ళాడు. గది ఇరవై రెండులో ఉంది. చాపలు కూడా వెచ్చగా ఉన్నాయి. రిమోటు ఎక్కడుందని అడిగితే మినెకో దుప్పటి అంచు ఎత్తింది. తండ్రి రెండో అరచేతిలో ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి తీసి, అతనికి ఇచ్చింది. ఇసోబే బొత్తాం నొక్కాడు. తన వేలికి తగిలిందో లేదో తెలియలేదు. ఏసీ మూత మెల్లిగా కిందికి వాలి మూసుకుంది. గోడ అవతల ఫ్యాను ఇంకొన్ని చుట్లు తిరిగి నిలిచిపోయింది.

రిమోటుని అతను ఆ చేతి పక్కన, తీసిన చోటే పెట్టాడు. తెల్లటిది, చేత్తో పట్టుకుని పట్టుకుని ఒక పక్క పసుపు పట్టినది. వేడి పెంచే బొత్తాం మీది బాణం గుర్తు పూర్తిగా అరిగిపోయింది.